జన్యు మార్పును పట్టే పరీక్షలు: క్యాన్సర్ వార్డు దాటి రిష్తా మాటల దాకా

ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారికి ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో మందు రాసే ముందు ఒక పరీక్ష చేయిస్తున్నారు. కణితి ముక్కలోనో, రక్తంలోనో 'ఈజీఎఫ్‌ఆర్' అనే జన్యువులో మార్పు ఉందా లేదా అని చూస్తారు. ఉంటే ఒక రకం మాత్రలు, లేకపోతే వేరే వైద్యం. ఈ పరీక్షను కణితి కోయకుండా రక్తంతోనే చేయడానికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. అప్పటి నుంచి 'జీన్ టెస్ట్' అన్న మాట మన ఇళ్లలో కూడా వినబడుతోంది. కానీ ఎక్కువ మందికి అది క్యాన్సర్ పరీక్షగానే తెలుసు. అందుకే రక్తం తక్కువగా ఉందని వెళ్లిన కొత్త దంపతులకు డాక్టర్ 'జెనెటిక్ టెస్ట్' అని చీటీ రాసిస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. 'క్యాన్సరా డాక్టర్ సాబ్?' అని అడుగుతారు.

కాదు. అదే రకం పరికరం, అదే రకం పద్ధతి ఇప్పుడు పుట్టబోయే బిడ్డకు తలసేమియా ఉందా, దగ్గుతో వచ్చిన మనిషి టీబీకి మామూలు మందు పనిచేస్తుందా, మార్చిన కిడ్నీని శరీరం ఒప్పుకుంటోందా అని చెప్పడానికి వాడుతున్నారు. వీటిలో కొన్ని మన కుటుంబాలకు, ముఖ్యంగా చుట్టరికంలోనే సంబంధాలు కలుపుకునే ఇళ్లకు, క్యాన్సర్ పరీక్ష కంటే ఎక్కువ అవసరం.

అసలు మార్పు అంటే ఏమిటి?

మన ప్రతి కణంలో డీఎన్‌ఏ ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఆ అక్షరాల్లో ఒకటి మారినా, ఒకటి ఎక్కువైనా, కొన్ని ఎగిరిపోయినా దాన్ని జన్యు మార్పు అంటారు, ఇంగ్లీషులో మ్యుటేషన్. ఉర్దూ చదివేవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క నుక్తా పైనుంచి కిందికి జారితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుందని పెద్దలు అంటూనే ఉంటారు. ఇక్కడా అంతే. అయితే ప్రతి మార్పూ చెడ్డది కాదు. మనలో ప్రతి ఒక్కరిలో ఇలాంటివి లక్షల్లో ఉంటాయి, దాదాపు అన్నీ ఏ హానీ చేయనివే.

మారిన ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకోవడానికి మూల సాధనం పీసీఆర్. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసింది అదే. డీఎన్‌ఏలో కావలసిన చిన్న ముక్కను కోట్ల ప్రతులుగా పెంచి కంటికి ఆనేలా చేస్తుంది. క్యారీ ముల్లిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు 1983లో తట్టిన ఆలోచన ఇది. 1993లో దానికే ఆయనకు నోబెల్ వచ్చింది. చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. 1985లో ఈ పద్ధతి గురించి మొదటిసారి అచ్చయిన పరిశోధన క్యాన్సర్ మీద కాదు, సికిల్ సెల్ అనే రక్తవ్యాధి మీద. అంటే ఇది పిల్లల రక్తవ్యాధి కోసమే తొలి అడుగు వేసింది. తరువాత క్యాన్సర్ వైపు డబ్బు, పరిశోధన పోటెత్తాయి. అక్కడ బాగా పదునెక్కి, ఇప్పుడు మళ్లీ పుట్టింటికి వస్తోంది.

క్యాన్సర్‌లో పని కష్టం. రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కల్లో వేలకొకటి మాత్రమే కణితి నుంచి వచ్చినది ఉండొచ్చు. బస్తా బియ్యంలో ఒక్క తెల్ల రాయిని ఏరినట్టు. అందుకే నమూనాను వేల చిన్న చుక్కలుగా విడదీసి ఒక్కో చుక్కలో విడివిడిగా వెతికే డిజిటల్ పీసీఆర్, లక్షల ముక్కలను ఒకేసారి చదివే సీక్వెన్సింగ్ యంత్రాలు వచ్చాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చిన మార్పు అలా కాదు. అది పుట్టుకతోనే ప్రతి కణంలోనూ ఉంటుంది. బియ్యంలో సగం రాళ్లే అయితే వెతకడం ఏముంది? అందుకే వంశపారంపర్య మార్పును కనిపెట్టడం సులువు, ఖర్చూ తక్కువ. పైగా జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. షుగర్ రిపోర్టులా నెలనెలా మారదు.

నూడుల్స్ కుండలోంచి వచ్చిన ఆలోచన

క్యాన్సర్ పరిశోధన వేరే దారికి ఎలా మళ్లిందో చెప్పడానికి హాంకాంగ్ డాక్టర్ డెనిస్ లో కథ మంచి ఉదాహరణ. క్యాన్సర్ రోగుల రక్తంలో కణితి డీఎన్‌ఏ తేలుతూ ఉంటుందని 1996లో రెండు పరిశోధనలు వచ్చాయి. ఆయన వాటిని చదివారు. కడుపులో బిడ్డ కూడా తల్లి శరీరంలో పెరిగే వేరే జీవమే కదా, దాని డీఎన్‌ఏ కూడా తల్లి రక్తంలోకి వస్తూ ఉండాలి కదా అనుకున్నారు. తల్లి రక్తంలోని ప్లాస్మాను ఇన్‌స్టంట్ నూడుల్స్ వండినట్టు కాసేపు మరిగించి చూశారు. బిడ్డ డీఎన్‌ఏ దొరికింది. 1997లో ఆ ఫలితం అచ్చయింది. 2011కల్లా తల్లి చేతి నుంచి తీసిన రక్తంతోనే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం చెప్పే పరీక్ష బజారులోకి వచ్చింది. దాన్నే మన దగ్గర ఎన్‌ఐపీటీ అంటున్నారు. పదో వారం దాటాక చేస్తారు.

తమాషా ఏమిటంటే, తరువాత ఆ పరీక్ష వెనక్కి కూడా పనిచేసింది. సుమారు 1,25,000 మంది గర్భిణుల నమూనాలు చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2015లో వచ్చింది. బిడ్డకు లోపం ఉన్నట్టు రిపోర్టు వచ్చిన వాళ్లలో 10 మంది విషయంలో తేలింది ఏమిటంటే తల్లికే క్యాన్సర్ ఉందని. బిడ్డ కోసం చూస్తే తల్లి కణితి డీఎన్‌ఏ కనబడింది.

ఎన్‌ఐపీటీ గురించి రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, అది అనుమానం చెప్పే పరీక్షే, తీర్పు కాదు. 'రిస్క్ ఎక్కువ' అని వస్తే ఉమ్మనీరు పరీక్షతో ఖరారు చేసుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రెండు, బిడ్డ ఆడా మగా అని అడగడం, చెప్పడం మన దేశంలో 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నేరం. రిపోర్టులో అది ఉండదు. చెబుతామని ఎవరైనా అంటే ఆ ల్యాబ్ మెట్లు దిగి వచ్చేయండి.

తలసేమియా: మన ఇళ్లలో దీనికే మొదటి చోటు

బీటా తలసేమియా అంటే రక్తానికి ఎర్రదనాన్నిచ్చే హిమోగ్లోబిన్ సరిగా తయారు కాకపోవడం. కారణం 'హెచ్‌బీబీ' అనే జన్యువులో మార్పు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు చెడ్డ ప్రతులూ వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. ఒకటే వస్తే ఆ మనిషి 'క్యారియర్', అంటే మోసేవాడు. క్యారియర్‌కు జబ్బు ఉండదు. చదువుకుంటాడు, పనిచేస్తాడు, రోజాలు ఉంటాడు, నూరేళ్లు బతుకుతాడు. రక్తం కొంచెం తక్కువగా ఉంటుంది, అంతే. మన దేశంలో వందకు ముగ్గురు నలుగురు ఇలాంటివారు ఉంటారని, ఏటా 10,000 నుంచి 12,000 మంది పిల్లలు తలసేమియా మేజర్‌తో పుడుతున్నారని ప్రభుత్వ లెక్క.

క్యారియర్లయిన ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి గర్భంలోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. ఈ లెక్కను మన వాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు. 'మొదటి బిడ్డకు వచ్చింది, ఇక తరువాత ముగ్గురికీ రాదు' అనుకుంటారు. అలా కాదు. ప్రతి కాన్పుకూ పాచిక మళ్లీ కొత్తగా వేసినట్టే. వరసగా ఇద్దరికి రావచ్చు, నలుగురిలో ఒక్కరికీ రాకపోవచ్చు.

జబ్బు బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటాడు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు తెల్లబోతాడు, పాలు తాగడు, పొట్ట ఉబ్బుతుంది. ఆ తరువాత జీవితమంతా మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో పేరుకునే ఇనుము గుండెను, లివర్‌ను పాడు చేయకుండా రోజూ మందు ఇవ్వాలి. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ సెంటర్ రాజేంద్రనగర్‌లో ఉంది. అక్కడికి ఒకసారి వెళ్తే తల్లులు పిల్లలను పక్కన పడుకోబెట్టుకుని రక్తం బాటిల్ వంక చూస్తూ కూర్చోవడం కనబడుతుంది. రంజాన్ నెలలో పగలు రక్తదాతలు దొరకడం తగ్గినప్పుడు వాళ్ల ఆందోళన చెప్పనలవి కాదు.

ఇక పరీక్ష. మొదటి మెట్టు జన్యు పరీక్ష కాదు, మామూలు సీబీసీ. అన్ని ఊళ్లలో కొన్ని వందల రూపాయలకే చేస్తారు. అందులో 'ఎంసీవీ' 80 కంటే తక్కువ, 'ఎంసీహెచ్' 27 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. ఐరన్ లోపం ఉన్నా ఇవి తగ్గుతాయి. తేడా తెలియడానికి డాక్టర్లు ఒక చిట్కా వాడతారు. ఎంసీవీని ఎర్ర రక్తకణాల సంఖ్యతో భాగిస్తారు. 13 లోపు వస్తే తలసేమియా వైపు, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఇది సూచన మాత్రమే. ఖరారు చేసేది రెండో మెట్టు, హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష. అందులో 'హెచ్‌బీఏ2' శాతం సుమారు 3.5 నుంచి 4 దాటితే క్యారియర్ అని అర్థం. సికిల్ సెల్ లాంటి ఇతర మార్పులు కూడా ఇందులోనే బయటపడతాయి. ఒక జాగ్రత్త ఉంది. ఐరన్ బాగా తక్కువగా ఉన్నవారిలో ఈ శాతం కిందికి దిగి, ఉన్న క్యారియర్ లేనట్టు కనబడవచ్చు. అందుకే ముందు ఐరన్ సరిచేసి మళ్లీ చూస్తారు. దీనికి ఎదురు తప్పు కూడా మన దగ్గర ఎక్కువే. క్యారియర్ అయిన ఆడపిల్లకు ఏళ్ల తరబడి ఐరన్ టానిక్కులు తాగిస్తూనే ఉంటారు, రక్తం పెరగదు, 'సరిగా తినదు' అని పిల్లనే తిడతారు.

మూడో మెట్టులో అసలు జన్యు పరీక్ష వస్తుంది. క్యాన్సర్‌లో పదునెక్కిన పద్ధతి ఇక్కడ చాలా తేలికగా సరిపోతుంది. కారణం, బీటా తలసేమియా తెచ్చే మార్పులు ప్రపంచంలో వందల రకాలున్నా, భారతదేశంలో ఐదారు రకాలే 90 శాతం దాకా కేసులకు కారణం. అన్నిటికంటే ఎక్కువగా కనబడేది 'ఐవీఎస్ 1-5' అనే మార్పు, ఒక్క అక్షరం తేడా. 'ఆర్మ్స్ పీసీఆర్' అనే పద్ధతిలో ఒక్కో మార్పుకు ఒక్కో తాళంచెవి తయారు చేస్తారు. చెవి చివరి పన్ను సరిగ్గా ఆ అక్షరానికి కుదిరితేనే తాళం తెరుచుకుంటుంది, ప్రతులు పెరుగుతాయి. కుదరకపోతే ఏమీ పెరగదు. ఐదారు చెవులతో చాలామందికి జవాబు దొరుకుతుంది. దొరకని కొద్దిమందికి మొత్తం జన్యువును చదివిస్తారు.

ఇదంతా తెలుసుకోవడం ఎందుకంటే, భార్యాభర్తల్లో ఎవరిలో ఏ మార్పు ఉందో ముందే రాసి పెట్టుకుంటే, గర్భం వచ్చాక బిడ్డలో సరిగ్గా ఆ రెండిటి కోసమే వెతకవచ్చు. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ సమయం దాటితే 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీరు తీస్తారు. ఈ సూది వల్ల గర్భస్రావం అయ్యే ప్రమాదం కొద్దిగా ఉంది, అనుభవం ఉన్నవారి చేతుల్లో వందకు ఒకటి కంటే తక్కువ. నాలుగో నెలలో వచ్చి 'మా ఇద్దరిలో ఏ మార్పు ఉందో చూడండి' అంటే ల్యాబ్‌కు చేతులు కట్టేసినట్టే.

120 రోజుల లెక్క

ఇక్కడే ప్రతి ముస్లిం కుటుంబం ఆగిపోయే ప్రశ్న వస్తుంది. బిడ్డకు జబ్బు ఉందని తేలితే ఏం చేయాలి? దీనికి జవాబు ల్యాబ్ ఇవ్వదు, ఈ వ్యాసం కూడా ఇవ్వదు. కానీ కొన్ని సంగతులు తెలిసి ఉంటే మంచిది.

మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ కౌన్సిల్ 1990లో ఒక నిర్ణయం ఇచ్చింది. గర్భం 120 రోజులు నిండకముందు, బిడ్డకు నయం కాని తీవ్రమైన లోపం ఉందని నమ్మదగిన నిపుణ వైద్యుల బృందం పరీక్షలతో నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరితే గర్భస్రావానికి అనుమతి ఉందని చెప్పింది. 120 రోజుల తరువాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప లేదని కూడా స్పష్టం చేసింది. ఇరాన్ 1997 నుంచి నికాహ్‌కు ముందు తలసేమియా పరీక్ష తప్పనిసరి చేసింది. 2005లో నాలుగు నెలల లోపు ఇలాంటి గర్భస్రావానికి చట్టం తెచ్చింది. అయితే అందరు ఉలమా దీనితో ఏకీభవించరు. కొందరు ఇంకా తక్కువ గడువు పెడతారు, కొందరు అసలు ఒప్పుకోరు. మీరు నమ్మే ఆలింను, మీ డాక్టర్‌ను ఇద్దరినీ అడగాలి. ఇద్దరికీ ఒకే లెక్క చెప్పాలి.

లెక్క అని ఎందుకంటున్నానంటే, ఇక్కడ చాలామంది పొరబడతారు. డాక్టర్లు గర్భం వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఫిఖ్‌లో 120 రోజులు గర్భం నిలిచిన నాటి నుంచి. మధ్యలో రెండు వారాల తేడా. అంటే 120 రోజులు డాక్టర్ లెక్కలో దాదాపు 19 వారాలు. 12వ వారంలో మాయ పరీక్ష చేయిస్తే, రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టినా ఆలోచించుకోవడానికి, అడగడానికి సమయం మిగులుతుంది. 17వ వారంలో ఉమ్మనీరు తీయిస్తే మిగలదు. దేశ చట్టం గడువు ఇంతకంటే పెద్దది. 2021 సవరణ తరువాత 20 వారాల దాకా ఒక డాక్టర్, కొన్ని సందర్భాల్లో 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అనుమతి ఉంది. కానీ చట్టం ఇచ్చే గడువు చూసుకుని నిదానిస్తే దీన్ ఇచ్చే గడువు దాటిపోతుంది.

గర్భస్రావం వద్దే వద్దు అనుకునేవారికి కూడా పరీక్ష వృథా కాదు. బిడ్డ పుట్టకముందే తెలిస్తే మొదటి నెల నుంచే వైద్యం, అన్నదమ్ముల ఎముక మజ్జ కుదురుతుందేమో చూసుకోవడం, డబ్బు సర్దుకోవడం కుదురుతాయి. ఇంకా నయం, నికాహ్‌కు ముందే తెలిస్తే ఈ ప్రశ్నే రాదు.

చుట్టరికం పెళ్లిళ్లు: నింద ఎవరికి?

చాచా కూతురు, మామూ కొడుకు, ఖాలా, ఫూఫీ పిల్లలు. మన ఇళ్లలో సంబంధం అంటే ముందు ఇంట్లోనే వెతుకుతారు. తెలుగు నేల మీద ఇది ముస్లింల అలవాటు మాత్రమే కాదు. హిందూ కుటుంబాల్లో మేనరికాలు మామూలే, మేనమామ మేనకోడలిని చేసుకోవడమూ ఉంది. అది మనకు హరాం. జన్యువుల లెక్కలో చూస్తే ఆ సంబంధం కజిన్ పెళ్లి కంటే దగ్గరది కూడా. కాబట్టి 'ముస్లింలు దగ్గరి వాళ్లను చేసుకుంటారు కాబట్టి' అని ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపొచ్చు.

అయితే ప్రమాదం లేదని చెప్పడం కూడా అబద్ధమే. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య ఎనిమిదింట ఒక వంతు జన్యువులు ఒకే తాత, నానీల నుంచి వచ్చినవి. ఆ తాతలో ఒక మార్పు దాగి ఉంటే ఇద్దరికీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాకిస్తానీ కుటుంబాలు ఎక్కువగా ఉంటాయి. అక్కడ జరిగిన అధ్యయనం 2013లో వచ్చింది. పుట్టుక లోపాలు మామూలుగా వందకు మూడు ఉంటే, కజిన్ దంపతుల పిల్లల్లో ఆరు దాకా ఉన్నాయని చెప్పింది. రెండింతలు అన్న మాట నిజమే. వందకు 94 మంది పిల్లలు ఆ లోపాలేవీ లేకుండా పుట్టారన్నదీ అంతే నిజం. రెండు మాటలూ కలిపి చెప్పాలి.

నన్ను అడిగితే, మనకు పనికొచ్చే అధ్యయనం పాకిస్తాన్ నుంచి 2002లో వచ్చినది. తలసేమియా బిడ్డ ఉన్న 10 పెద్ద ఖాందాన్లలో 591 మందిని పరీక్షిస్తే 183 మంది క్యారియర్లు. అంటే 31 శాతం. అలాంటి బిడ్డ లేని ఖాందాన్లలో 397 మందిని చూస్తే ఒక్కరూ లేరు. అర్థం ఏమిటి? కజిన్ పెళ్లిళ్ల వల్ల మార్పు ఊరంతా పాకకుండా కొన్ని ఖాందాన్లలో గుంపుగా ఉండిపోతుంది. ఖాందాన్‌లో ఒక్క తలసేమియా బిడ్డ ఉంటే చాలు, ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. ఆ బిడ్డ చాచాలు, ఫూఫీలు, వాళ్ల పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. కానీ మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. బిడ్డకు జబ్బు అని బయటపడితే మిగతా పిల్లల రిష్తాలు చెడిపోతాయని దాచేస్తారు. దాచడం వల్లే ఆ ఖాందాన్‌లో రెండో బిడ్డ, మూడో బిడ్డ.

ఇంకొక అన్యాయం ఆడపిల్ల మీద నింద. జబ్బు బిడ్డ పుట్టాలంటే తండ్రి కూడా క్యారియర్ అయి తీరాలి. కోడలి ఒక్కదాని వల్ల రావడం అసాధ్యం. అయినా పుట్టింటికి పంపించేది కోడలినే. ఈ ఒక్క వాక్యం అత్తమామలకు చదివి వినిపించండి.

సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాహ్‌కు ముందు సికిల్ సెల్, తలసేమియా పరీక్ష తప్పనిసరి. ఇద్దరూ క్యారియర్లని తేలినా పెళ్లి ఆపమని ప్రభుత్వం బలవంతం చేయదు, సలహా ఇస్తుంది, నిర్ణయం వాళ్లదే. మన దగ్గర చట్టం లేకపోయినా పద్ధతి మనమే పెట్టుకోవచ్చు. రిష్తా మాట వచ్చాక పరీక్ష అంటే అవమానంగా అనిపిస్తుంది. అబ్బాయికైనా అమ్మాయికైనా ఇంటర్, డిగ్రీ రోజుల్లోనే చేయించి ఫైల్‌లో పెట్టేస్తే ఎవరి ముందూ తల దించుకోవాల్సిన పని లేదు. ఇద్దరిలో ఒకరికి మార్పు లేదని తేలినా చాలు, తలసేమియా మేజర్ భయం పోయినట్టే. క్యారియర్ క్యారియర్ కాని మనిషిని నిశ్చింతగా చేసుకోవచ్చు.

దగ్గులో వెతికే జన్యువు

టీబీలో కథ వేరు. ఇక్కడ వెతికేది మన జన్యువులో మార్పు కాదు, క్రిమి జన్యువులో. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్. క్రిమిలోని 'ఆర్‌పీఓబీ' అనే జన్యువులో 81 అక్షరాల చిన్న భాగం ఉంది. అందులో మార్పు వస్తే ఆ మందు పనిచేయదు. పాత పద్ధతిలో కళ్లెను పెంచి చూడటానికి వారాలు పట్టేది. ఈలోగా రోగి పనికిరాని మందు మింగుతూ ఇంట్లో పిల్లలకు అంటిస్తూ ఉండేవాడు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లో రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతుంది: టీబీ ఉందా, రిఫాంపిసిన్ పనిచేస్తుందా. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీన్ని సీబీనాట్ అంటారు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీతో కూడా నడుస్తుంది, చిన్న ఆస్పత్రులకు చేరింది. టీబీ ప్రోగ్రాం కింద ఇవి ఉచితం. మెడలో గడ్డల టీబీకి కూడా గడ్డ నీటితో చేస్తారు.

రెండు వారాలు మించి దగ్గు ఉంటే, ముఖ్యంగా ఇంతకుముందు టీబీ మందు మధ్యలో ఆపేసినవారైతే, కళ్లె పరీక్షకు పంపేటప్పుడు 'సీబీనాట్ చేస్తారా' అని అడగండి. పెళ్లి కావాల్సిన అమ్మాయికి దగ్గు వస్తే దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండు గంటల పరీక్షను నెలల పాటు వాయిదా వేయడం తప్ప దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకా ఎక్కడెక్కడ

కిడ్నీ, గుండె మార్పిడి చేయించుకున్నవారి రక్తంలో దాత డీఎన్‌ఏ కొద్దిగా తేలుతూ ఉంటుంది. అది ఒక్కసారిగా పెరిగితే శరీరం ఆ అవయవాన్ని తిప్పికొడుతోందని అర్థం. సూదితో కిడ్నీ ముక్క తీయకముందే హెచ్చరిక దొరుకుతుంది. అచ్చంగా క్యాన్సర్ రక్తపరీక్ష పద్ధతే. గుండెలో స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ అందరి శరీరంలో ఒకేలా పనిచేయదు. అది ఎవరికి సరిగా పనిచేయదో 'సీవైపీ2సీ19' జన్యువు చూసి చెప్పవచ్చు.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో గుండె కండరానికి సంబంధించిన 'ఎంవైబీపీసీ3' జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పును గురించి చెప్పారు. భారత ఉపఖండం వారిలో వందకు నలుగురిలో అది ఉంది. వయసు మీద పడ్డాక గుండె బలహీనపడే ప్రమాదాన్ని పెంచుతుంది. అలాగని అందరూ పరుగెత్తి చేయించుకోనక్కర్లేదు, మోసేవారిలో చాలామందికి ఏమీ కాదు. ఖాందాన్‌లో చిన్న వయసులో గుండె జబ్బులు, హఠాన్మరణాలు ఉంటే డాక్టర్‌ను అడగండి.

నమ్మకూడనివి

ఏ జబ్బో తెలియని పిల్లలకు 'ఎక్సోమ్' పరీక్ష రాస్తున్నారు. సుమారు 20,000 జన్యువుల ముఖ్య భాగాలు ఒకేసారి చదువుతుంది. గొప్ప సాధనం. కానీ రిపోర్టులో 'వీయూఎస్' అన్న మాట కనబడితే దాని అర్థం 'ఒక మార్పు ఉంది, అది చెడ్డదో కాదో ఇంకా తెలియదు' అని. అది జబ్బు కాదు. దాన్ని పట్టుకుని పెళ్లి ఆపడం, గర్భం గురించి నిర్ణయం తీసుకోవడం తప్పు. చాలాకాలం ప్రపంచ డేటాబేసులన్నీ యూరప్ వాళ్ల డీఎన్‌ఏతోనే నిండి ఉండేవి. మనవాళ్లలో మామూలుగా ఉండే అక్షరాలు కూడా వాటికి వింతగానే కనబడేవి. 10,000 మంది భారతీయుల డీఎన్‌ఏతో చేసిన జీనోమ్ ఇండియా డేటా 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చింది కాబట్టి ఈ తికమక మెల్లగా తగ్గుతుంది.

ఇక ఉమ్మి పంపితే 'మీ పిల్లాడు డాక్టర్ అవుతాడా, క్రికెటర్ అవుతాడా' చెబుతామనే ప్రకటనలు. ఆ డబ్బుతో ఇంట్లో అందరికీ హెచ్‌పీఎల్‌సీ చేయించండి. పైగా డీఎన్‌ఏ వివరాలు ఒకసారి కంపెనీ చేతికి వెళ్తే వెనక్కి రావు. అమెరికాలో 23అండ్‌మీ అనే కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2025లో ఆ కంపెనీ దివాలా తీసింది.

ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

హైదరాబాద్ ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ కేంద్ర ప్రభుత్వ సంస్థ. డాక్టర్ రెఫరెన్స్ మీద జన్యు వ్యాధుల పరీక్షలు చేస్తుంది. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఈ రెండూ కలిపి ఒక కేంద్రం. అర్హత ఉన్న రోగికి చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయానికి దరఖాస్తు అక్కడి నుంచే వెళ్తుంది. తలసేమియా పిల్లలకు ఎముక మజ్జ మార్పిడికి కోల్ ఇండియా 2017 నుంచి 10 లక్షల దాకా ఇస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ చేర్చారు కాబట్టి సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. జిల్లాల్లో ఉన్నవారు దగ్గరి మెడికల్ కాలేజీ ఆస్పత్రి పిల్లల విభాగంతో మొదలుపెట్టండి.

వెళ్లేటప్పుడు జబ్బు ఉన్న బిడ్డ పాత రిపోర్టులన్నీ, మొదటిసారి రక్తం ఎక్కించక ముందు చేసినవి ముఖ్యంగా, పట్టుకెళ్లండి. ఎక్కించిన తరువాత చేసిన హెచ్‌పీఎల్‌సీలో దాత రక్తమే కనబడుతుంది. అవి లేకపోతే తల్లిదండ్రులిద్దరూ స్వయంగా వెళ్లాలి, వాళ్ల రక్తంతోనే సంగతి తేలుతుంది. ఒక కాగితం మీద మూడు తరాల ఖాందాన్ రాసుకోండి: దాదా, నానా వైపు ఎవరెవరికి ఎవరితో నికాహ్ అయింది, చిన్నప్పుడే పోయిన పిల్లలెవరు, ఏ జబ్బుతో. ఇవన్నీ ఇంట్లో సాధారణంగా నానీకే గుర్తుంటాయి. ఆమెను ముందే అడిగి రాసుకోండి.